రెండేళ్లు కదలనంటూ సంతకం: ఉద్యోగ బాండ్‌లో నిలబడేదెంత?

మొన్న ఆదివారం మా అక్క కొడుకు ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఇంజనీరింగ్ అయ్యాక తొమ్మిది నెలలు ఖాళీగా ఉండి, చివరికి హైదరాబాద్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం తెచ్చుకున్నాడు. జీతం నెలకు ఇరవై రెండు వేలు. ఫోల్డర్‌లో ఆఫర్ లెటర్, దాని వెనక వంద రూపాయల స్టాంపు పేపర్ మీద బాండ్. రెండేళ్లలోపు మానేస్తే మూడు లక్షలు కట్టాలి. డిగ్రీ ఒరిజినల్స్ కంపెనీ దగ్గరే ఉండాలి. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఒకటి ఇవ్వాలి. ఆఖరి పేజీలో తండ్రి సంతకం కోసం ఒక గీత.

"మామయ్యా, పెట్టెయ్యనా? బాండ్లు కోర్టులో ఎలాగూ చెల్లవంట, మా సీనియర్లు చెప్పారు" అన్నాడు వాడు. వాళ్లమ్మ టెన్షన్ ఇంకోటి. "మధ్యలో మానేస్తే పోలీసులు వస్తారంటరా?"

ఇద్దరి మాటా తప్పే. అసలు సంగతి ఈ రెండింటికీ మధ్య ఎక్కడో ఉంది. అది తెలియాలంటే బాండ్ అనే కాగితం చట్టం దృష్టిలో ఏమిటో చూడాలి.

ముందు స్టాంపు పేపర్ సంగతి తేల్చేద్దాం. దాని మీద రాస్తేనే ఒప్పందమని మనవాళ్లకి గట్టి నమ్మకం. 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలో అలాంటి షరతు లేదు. ఇద్దరూ మేజర్లై ఉండాలి, ఇష్టపడి ఒప్పుకోవాలి, ఇచ్చిపుచ్చుకునేది ఏదో ఉండాలి, ఆ పని చట్టవిరుద్ధం కాకూడదు. ఇవి ఉంటే ఈమెయిల్‌లో "ఐ యాక్సెప్ట్" అని కొట్టినా ఒప్పందమే. స్టాంపు అనేది ప్రభుత్వానికి కట్టే పన్ను. అది తక్కువైతే కాగితాన్ని సాక్ష్యంగా చూపే ముందు తేడా సొమ్ము, దాని మీద పెనాల్టీ కట్టాల్సి వస్తుంది. అంతకు మించి ఆ కాగితానికి ఏ మహత్తూ లేదు. లోపల రాసిన షరతు చట్టం ముందు నిలవనిదైతే వంద రూపాయల కాగితం దాన్ని నిలబెట్టలేదు.

ఇక పోలీసుల భయం. ఇది మా అక్క ఊహించుకున్నది కాదు, దీనికి పాత చరిత్ర ఉంది. 1859లో బ్రిటిష్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. అడ్వాన్సు తీసుకున్న చేతిపనివాడో కూలీయో పని మానేస్తే యజమాని నేరుగా మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు. అడ్వాన్సు తిరిగి కట్టమనో, మళ్లీ పనిలోకి వెళ్లమనో మేజిస్ట్రేటు ఆదేశిస్తాడు. వినకపోతే మూడు నెలల దాకా జైలు. మొదట కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాల కోసం చేసినా, ఇతర ప్రాంతాలకూ విస్తరించే వీలు అందులో ఉంది. అంటే ఆ రోజుల్లో పని మానెయ్యడమే నేరం. ఆ చట్టాన్ని 1925లో రద్దు చేశారు. తర్వాత రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చి, అప్పు కింద మనిషిని కట్టేసుకునే పద్ధతిని నేరం చేసింది. ముందు పనివాడు జైలుకెళ్లేవాడు, ఇప్పుడు కట్టేసుకున్నవాడు వెళ్లాలి. పాలేరుకి ఏడాది జీతం ముందే ఇచ్చి, కదిలితే ఊరంతా వెతికించిన కాలం మా తాతల నోట విన్నాం. హెచ్‌ఆర్ వాళ్లు "అబ్‌స్కాండింగ్" (చెప్పకుండా పారిపోయాడు) అని మెయిల్ పెట్టినప్పుడల్లా నాకు ఆ పాలేరే గుర్తొస్తాడు.

ఇవాళ ఉద్యోగం మధ్యలో మానెయ్యడం నేరం కాదు. మాట తప్పడం సివిల్ తగాదా. మోసం కేసు నిలవాలంటే చేరిన రోజునే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి. ఏడాది పనిచేసి, ఇంకో చోట ఎక్కువ జీతం వస్తే వెళ్లినవాడి మీద అది నిలవదు. అయితే కంపెనీ లాప్‌టాప్ ఇవ్వకపోవడం, క్లయింట్ డేటాను సొంత మెయిల్‌కి పంపుకోవడం వేరే సంగతి. అక్కడ నిజంగానే క్రిమినల్ కేసు అయ్యే అవకాశం ఉంది. మానేసేటప్పుడు లాప్‌టాప్ అప్పగించినట్టు రసీదు తీసుకోమని వాడికి రెండుసార్లు చెప్పాను.

పైగా, ఉద్యోగిని బలవంతంగా వెనక్కి రప్పించి పనిచేయించమని ఏ సివిల్ కోర్టూ ఆదేశించదు. వ్యక్తి నైపుణ్యం మీద ఆధారపడ్డ సేవను బలవంతాన అమలు చేయించే వీలు 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో లేదు. కాబట్టి బాండ్ ఎంత బలంగా రాసినా మనిషిని పట్టుకోలేదు, అడిగితే డబ్బు అడగాలి.

ఎంత డబ్బు? అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

బాండ్‌లో మూడు లక్షలని ఉంటే మూడు లక్షలూ కట్టాల్సిందేనని కంపెనీ అంటుంది. ఒప్పందాల చట్టం 74వ సెక్షన్ చెప్పేది వేరు. ఒప్పందం తప్పితే ఇంత కట్టాలని ముందే రాసుకున్నప్పుడు, రెండోవాళ్లకి దక్కేది సమంజసమైన పరిహారం మాత్రమే. కాగితం మీది అంకె దానికి పైహద్దు. మూడు లక్షలని ఉంటే కోర్టు నలభై వేలు ఇవ్వొచ్చు, సున్నా ఇవ్వొచ్చు, మూడు లక్షలూ ఇవ్వొచ్చు, మూడున్నర మాత్రం ఇవ్వలేదు. 1963లో ఫతేచంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టం చేసింది. 2015లో కైలాష్‌నాథ్ కేసులో ఇంకాస్త బిగించింది: అసలు నష్టమే జరగనప్పుడు పరిహారం ఉండదు. ఆ రెండూ భూముల లావాదేవీల కేసులే. సూత్రం మాత్రం బాండ్‌కీ అదే. నష్టం ఎంతో లెక్కకట్టడం కష్టమైన చోట, ముందే రాసుకున్న అంకె నిజాయితీగా వేసిన అంచనాలా ఉంటే కోర్టు దాన్ని ఒప్పుకోవచ్చు. భయపెట్టడానికి వేసిన అంకెలా ఉంటే తగ్గిస్తుంది.

అందుకని బాండ్ చదివేటప్పుడు నేను మొదట వెతికేది అంకెను కాదు, కంపెనీ ఈ మనిషి మీద ఏం ఖర్చు పెడుతోందనే మాటను. బయటి సంస్థకి ఫీజు కట్టి కోర్సు చేయిస్తే దానికి బిల్లు ఉంటుంది. విదేశానికి పంపి శిక్షణ ఇప్పిస్తే టికెట్లూ వీసా ఖర్చూ ఉంటాయి. అలాంటి బాండ్‌ని తేలిగ్గా తీసుకోకూడదు. మావాడి బాండ్‌లో "ఇంటెన్సివ్ ట్రైనింగ్" అని ఒక ముక్క ఉంది. అదేమిటని ఫోన్ చేసి అడగమన్నాను. మొదటి మూడు వారాలు టీమ్ లీడ్ కూర్చోబెట్టి ప్రాజెక్టు గురించి చెప్తారట. కొత్తగా చేరినవాడికి పని చూపించడానికి మూడు లక్షలు అయ్యాయని కోర్టులో నిరూపించడం ఏ వకీలుకైనా కష్టమే.

అలాగని "బాండ్లు చెల్లవు" అనే సీనియర్ల మాటా నమ్మొద్దు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో ఇచ్చిన తీర్పు వాళ్లు చూసినట్టు లేదు. 2006లో ఆ బ్యాంకు 349 మంది అధికారుల కోసం ప్రకటన ఇచ్చింది. మూడేళ్లలోపు వెళ్లిపోతే రెండు లక్షలు కట్టాలని అందులోనే షరతు. సీనియర్ మేనేజర్‌గా 2007లో చేరిన ఒకాయన 2009లో రాజీనామా చేసి ఇంకో బ్యాంకుకి వెళ్లాడు. అభ్యంతరం చెప్తూనే రెండు లక్షలూ కట్టి, తర్వాత కోర్టుకెక్కాడు. కర్ణాటక హైకోర్టులో గెలిచాడు. సుప్రీంకోర్టులో ఓడిపోయాడు.

ఆ తీర్పు వచ్చినప్పటి నుంచి కంపెనీల వాళ్లు దాన్ని పట్టుకుని చూపిస్తున్నారు. కానీ కోర్టు చెప్పిన కారణాలు కూడా చదవాలి. అది ప్రభుత్వ రంగ బ్యాంకు. ఖాళీ వస్తే తెలిసినవాణ్ణి పిలిచి కూర్చోబెట్టలేదు. బహిరంగ ప్రకటన, దరఖాస్తులు, పరీక్ష, ఇంటర్వ్యూ అంతా మళ్లీ నడపాలి, దానికి ఖర్చూ సమయమూ పడతాయి. పైగా ఆయన పెద్ద జీతం వచ్చే హోదాలో ఉన్నాడు కనక, రాజీనామా చెయ్యలేని స్థితికి నెట్టేంత మొత్తం కాదు రెండు లక్షలు అంది కోర్టు. ఆ కొలతనే మావాడి కాగితానికి పెట్టి చూడండి. నెలకు ఇరవై రెండు వేలు తెచ్చుకునేవాడికి మూడు లక్షలంటే పదమూడు నెలల జీతానికి పైనే. ఆ తీర్పు కంపెనీకి ఎంత పనికొస్తుందో ఉద్యోగికీ అంతే పనికొస్తుంది.

బాండ్‌లో ఇంకో క్లాజు ఉంది. మానేశాక ఏడాదిపాటు ఇదే రంగంలో ఏ పోటీ కంపెనీలోనూ చేరకూడదట. మావాడు దీన్ని చదవనే లేదు, అందరిలాగే. నిజానికి ఆ కాగితంలో అన్నిటికంటే బలహీనమైన వాక్యం ఇదే. ఒప్పందాల చట్టం 27వ సెక్షన్ ప్రకారం, ఎవరినైనా న్యాయమైన వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం అంతమేరకు చెల్లదు. క్రికెట్ చూసేవాళ్లకి జహీర్ ఖాన్ కేసు చెప్తే తొందరగా అర్థమవుతుంది. ప్రకటనల వ్యవహారాలు చూసే పర్సెప్ట్ డీమార్క్ సంస్థతో ఆయన మూడేళ్ల ఒప్పందం 2003లో ముగిసింది. ఆ తర్వాత వేరే సంస్థ ఏదైనా అవకాశం ఇస్తే ముందు తమకే చూపించాలని, తాము ఆ ధరకు సరితూగితే తమతోనే ఉండాలని ఒప్పందంలో ఉందని పర్సెప్ట్ వాదించింది. 2006లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఒప్పందం ముగిశాక కూడా మనిషిని పట్టుకునే షరతుకు 27వ సెక్షన్ అడ్డమంది.

ఒప్పందం ఇంకా నడుస్తుండగానైతే లెక్క మారుతుంది. దీన్ని చాలామంది మర్చిపోతారు. సెంచరీ స్పిన్నింగ్ కంపెనీ టైర్లలో వాడే నూలు తయారీకి హాలండ్ సంస్థ నుంచి పరిజ్ఞానం తెచ్చుకుని, 1963 మార్చిలో ఒక షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని ఐదేళ్లకి తీసుకుంది. శిక్షణ ఇచ్చింది. ఆయన 1964లోనే మానేసి కోటాలో పోటీ కంపెనీకి వెళ్లాడు. ఒప్పందం గడువు తీరేదాకా అదే పనిని పోటీదారు దగ్గర చెయ్యకూడదన్న ఆంక్షను 1967లో సుప్రీంకోర్టు సమర్థించింది. అప్పటికి గడువు ఇంకా ఏడాదికి పైగా మిగిలి ఉంది. వెనక్కొచ్చి మా దగ్గర పనిచెయ్యమని ఎవరూ అనలేదు, అక్కడ మాత్రం చెయ్యొద్దన్నారు. అక్కడ నిజంగా కాపాడాల్సిన రహస్య పరిజ్ఞానం ఉంది, కాలపరిమితి ఉంది, ఆంక్ష ఆ ఒక్క తరహా పనికే పరిమితం. అవి లేని చోట ఈ తీర్పు చూపించి ఫ్రెషర్‌ని భయపెట్టడం అతి.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించేవి బాండ్ చుట్టూ ఉన్న సరంజామా. ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఖాళీ చెక్కు, తండ్రి సంతకం. కోర్టుకు వెళ్తే మూడు లక్షలు రావని చాలా కంపెనీలకి తెలుసు. అందుకే కోర్టు గడప తొక్కకుండా పని జరిగే ఏర్పాటు చేసుకుంటాయి.

బాకీ తీరేదాకా ఎదుటివాళ్ల వస్తువు పట్టుకునే సాధారణ హక్కు ఎవరెవరికి ఉందో ఒప్పందాల చట్టం 171వ సెక్షన్ చెప్తుంది: బ్యాంకర్లు, సరుకు అమ్మిపెట్టే ఏజెంట్లు, రేవు గిడ్డంగుల వాళ్లు, హైకోర్టు అటార్నీలు, బీమా బ్రోకర్లు. యజమానులు ఆ వరసలో లేరు. కానీ ఒప్పందంలో విడిగా రాసుకుంటే తప్ప అని ఆ సెక్షన్‌లోనే ఒక మినహాయింపు ఉంది. ఆ సందులోంచే బాండ్ రాసేవాడు దూరతాడు. అందుకే ఒరిజినల్స్ ఇస్తానన్న వాక్యం కింద సంతకం పెట్టకపోవడమే మేలు. అప్పటికే ఇచ్చేసి ఉంటే, ఇచ్చినట్టు రసీదో మెయిలో ఉందా అన్నది చూసుకోవాలి. రసీదు లేకపోతే "మా దగ్గర లేవు" అనడం వాళ్లకి చాలా తేలిక.

ఖాళీ చెక్కు ఇంకా ప్రమాదం. సంతకం పెట్టి ఇచ్చిన చెక్కు బ్యాంకులో తిరిగొస్తే, అది బాకీ కోసమే ఇచ్చారని కోర్టు మొదట అనుకుంటుంది. కాదని చూపించాల్సిన భారం సంతకం చేసినవాడిదే. చెక్కులో మిగతా వివరాలు వేరేవాళ్లు నింపారన్న ఒక్క కారణం చాలదని 2019లో సుప్రీంకోర్టు బీర్ సింగ్ కేసులో చెప్పింది. చెక్కు తిరిగొచ్చిన సమాచారం అందాక ముప్ఫై రోజుల్లో నోటీసు, నోటీసు అందాక కట్టడానికి పదిహేను రోజులు, తర్వాత నెలలోపు ఫిర్యాదు. ఇది క్రిమినల్ కేసు. చూశారా, ఉద్యోగం మానెయ్యడం నేరం కాదని చట్టం అంటే, అదే తగాదాని చెక్కు రూపంలో మళ్లీ మేజిస్ట్రేటు ముందుకి తెచ్చారు. తేలని పరిహారం బాకీ ఎలా అవుతుందని వాదించొచ్చు, వాదన బలమైనదే. కానీ ఆ వాదన వినిపించడానికి వాయిదాలకి తిరగాలి. మా అక్క భయంలో నిజం ఉన్న చోటు ఇదొక్కటే.

తండ్రి సంతకం గురించి బావకి కాస్త వివరంగా చెప్పాల్సి వచ్చింది. ఆయన దాన్ని సాక్షి సంతకం అనుకున్నాడు. సాక్షి అంటే "నా ఎదురుగా పెట్టాడు" అని చెప్పేవాడు, అంతటితో సరి. ఇక్కడ గీత పైన చిన్న అక్షరాల్లో ఉన్నది జామీను, అంటే కొడుకు కట్టకపోతే నేను కడతానన్న పూచీ. ఒప్పందాల చట్టం 128వ సెక్షన్ ప్రకారం అసలు బాకీదారుడికి ఎంత బాధ్యతో జామీనుదారుడికీ అంతే. ముందు కొడుకుని అడిగి, ఇవ్వకపోతేనే తండ్రిని అడగాలన్న నియమం కూడా లేదు. నేరుగా రిటైరైన తండ్రి మీదే దావా వెయ్యొచ్చు. ఊళ్లో ఇంటికి లాయర్ నోటీసు వస్తే ఏ కొడుకైనా రాజీకి దిగుతాడని ఆ క్లాజు రాసినవాడికి బాగా తెలుసు.

ఆఖరి జీతం ఆపడం సంగతి. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో వేతనాల కోడ్ ప్రకారం, తీసేసినా రాజీనామా చేసినా రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. ఫుల్ అండ్ ఫైనల్ (ఆఖరి లెక్క తేల్చడం) పేరుతో నలభై ఐదు రోజులూ అరవై రోజులూ తిప్పడం అలవాటైన చోట ఇది పెద్ద మార్పే. జీతంలోంచి వేటికి కోత పెట్టొచ్చో కోడ్‌లో జాబితా ఉంది. బాండ్ సొమ్ము అనే పద్దు అందులో కనపడదు. ఉద్యోగం నుంచి విడుదల చేశామని ఇచ్చే రిలీవింగ్ లెటర్ ఆపితే మాత్రం వెంటనే విరుగుడు దొరకదు. అప్పుడు పీఎఫ్ ఖాతాలోని సర్వీస్ హిస్టరీ, జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫారం 16 చూపిస్తే కొత్తగా చేరబోయే చోట కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు.

ఏ ఊరి కోర్టు అన్న క్లాజు కూడా ఉంటుంది. ఎవరూ పట్టించుకోరు. 2025 ఏప్రిల్‌లో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు కేసులో, పట్నాలోనూ ఢిల్లీలోనూ పనిచేసిన ఉద్యోగులు తమ ఊళ్లలో దావా వేస్తే, ఒప్పందంలో ముంబయి కోర్టులని ఉంది కనక అక్కడికే వెళ్లమంది సుప్రీంకోర్టు. మావాడి కాగితంలో హైదరాబాద్ అనే ఉంది, అదృష్టం.

అమెరికాలో కన్సల్టెన్సీల ద్వారా హెచ్1బీ వీసా మీద పనిచేసే మన పిల్లలకీ ఇదే గొడవ ఇంకో రూపంలో ఉంది. గడువుకి ముందు మానేసినందుకు పెనాల్టీ వసూలు చెయ్యకూడదని అక్కడి ఫెడరల్ నిబంధన. నిజమైన నష్టానికి అంచనాగా వేసిన పరిహారాన్ని మాత్రం, ఆ రాష్ట్ర చట్టం ఒప్పుకుంటే అడగొచ్చు. పెనాల్టీ ఏది, పరిహారం ఏది అన్న ప్రశ్న అక్కడా ఇక్కడా ఒకటే.

ఇవన్నీ మాట్లాడాక మావాడు హెచ్‌ఆర్‌కి మర్యాదగా ఒక మెయిల్ పెట్టాడు. ఒరిజినల్స్ చూపించి వెంటనే తెచ్చుకుంటాను, చెక్కు ఇవ్వలేను, పనిచేసిన ప్రతి నెలకూ బాండ్ మొత్తం ఆ మేరకు తగ్గాలి, జామీను వద్దు. ఉద్యోగమే పోతుందేమోనని మా అక్క రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మూడో రోజు జవాబొచ్చింది. సర్టిఫికెట్లు పరిశీలించి అదే రోజు ఇచ్చేస్తారట. చెక్కు అక్కర్లేదట. నెలనెలా తగ్గింపుకీ సరేనన్నారు. జామీను మాత్రం కంపెనీ పాలసీ, మార్చలేమన్నారు.

సోమవారం జాయినింగ్. కాగితం మా బావ దగ్గర టీవీ పక్కన ఉంది. ఆయన ఇంకా ఆ గీత మీద సంతకం పెట్టలేదు.